బీచ్‌లో ఉండే ఆ పైన్ చెట్టు అసలు పైనేనా? (సరుగుడు కబుర్లు)

ఉప్పుగాలి | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఏడో తరగతి. స్కూల్లో "మన తీరం, ఒక చెట్టు" అని ప్రాజెక్టు ఇచ్చారు. పోయిన ఆదివారం సూర్యలంక వెళ్ళినప్పుడు గట్టు మీదున్న పొడవాటి చెట్ల కింద నుంచి గుప్పెడు సూదుల్లాంటి ఆకులు, నాలుగు బుల్లి కాయలు తెచ్చుకుంది. ఫోన్‌లో ఫొటో తీసి వెతికితే కోస్టల్ పైన్ అని వచ్చింది. మా అత్తయ్యేమో "పైనూ లేదు గీనూ లేదు, అది సర్వి చెట్టు, మా ఊళ్ళో పొయ్యిలోకి అదే" అని తేల్చేశారు. చార్టు మీద ఏం పేరు రాయాలో తెలియక ఇంట్లో చిన్నపాటి పంచాయితీ నడుస్తోంది. లక్షణాలు, ఉపయోగాలు కూడా రాయాలట. తెలిసినవాళ్ళు చెప్పండి. సోమవారంకల్లా ఇవ్వాలి, ఆ టెన్షన్ నాకే ఎక్కువగా ఉంది.

---

చిల్లరకొట్టు | శనివారం, రాత్రి 9:14

సరుగుడు. అత్తయ్య గెలిచారు. థ్రెడ్ క్లోజ్ 😀

---

బోటనీ టీచరమ్మ | శనివారం, రాత్రి 9:52

క్లోజ్ చెయ్యకండి బాబూ, ఇప్పుడే మొదలైంది.

ఉప్పుగాలి గారూ, అది సరుగుడే. ఒక్కో జిల్లాలో సర్వి, సరివి, చౌకు అని కూడా అంటారు. శాస్త్రీయ నామం కాజువరినా ఈక్విసెటిఫోలియా. పైన్‌కీ దీనికీ చుట్టరికం లేదు. పైన్ పువ్వు పూయదు, దాని విత్తనానికి కాయ గోడ ఉండదు. సరుగుడు పూలు పూసే చెట్టు. ఆ లెక్కన పైన్ కంటే మీ పెరట్లో మామిడే దీనికి దగ్గర బంధువు. దూరం నుంచి చూస్తే సూదులు, శంకువు ఆకారం, దగ్గరకెళితే కోనుల్లాంటి కాయలు కనిపిస్తాయి కాబట్టి ఇంగ్లీషువాళ్ళు దానికి పైన్ అని పేరు తగిలించారు. ఆ పేరే ఫోన్‌లోకీ ఎక్కింది.

మీ అమ్మాయి దగ్గరున్న సూదుల్లో పచ్చిది ఒకటి తీసుకోమనండి. రెండు చేతుల్తో పట్టుకుని మెల్లిగా లాగితే టప్పున ఒకచోట ఊడుతుంది. అది కీలు. మళ్ళీ పెడితే గ్లాసులో గ్లాసు దిగినట్టు కూర్చుంటుంది. ఇప్పుడు భూతద్దం పెట్టి ఆ కీలు అంచు చూడమనండి. చుట్టూ కిరీటంలాగా చిన్న చిన్న పళ్ళు కనిపిస్తాయి. అవే ఆకులు! మనం ఆకు అనుకునే సూది నిజానికి సన్నటి కొమ్మ. ఎండకి, ఉప్పుగాలికి నీళ్ళు ఆవిరైపోకుండా ఆకులన్నీ పొలుసులంత చిన్నవైపోయి, ఆహారం తయారుచేసే పని కొమ్మ నెత్తిన పడింది. ఈ జాతిలో ఒక్కో కీలు దగ్గర ఆ పళ్ళు 6 నుంచి 8 ఉంటాయి. లెక్కపెట్టి చార్టులో రాయమనండి, టీచర్ పడిపోతుంది.

కాజువరినా అన్న పేరు కసోవరీ పక్షి నుంచి వచ్చింది. మలయ్ భాషలో దాన్ని కసువారీ అంటారు. వేలాడే ఆ కొమ్మలు దాని ఈకల్లా ఉంటాయని. ఈక్విసెటిఫోలియా అంటే ఈక్విసెటం, అంటే గుర్రపు తోక మొక్కలాంటి ఆకులున్నది అని. పక్షి ఈక, గుర్రపు తోక, రెండూ ఒకే చెట్టుకి.

---

మేస్త్రీ గారబ్బాయి | శనివారం, రాత్రి 10:05

చిన్నప్పుడు ఆ కీళ్ళతోనే ఆడుకునేవాళ్ళం టీచర్ గారూ. ఒకడు సూదిని ఎక్కడో ఒకచోట ఊడదీసి మళ్ళీ అతికించేవాడు. ఎక్కడ విరిచాడో రెండోవాడు చెప్పాలి. తప్పు చెబితే వీపు మీద ఒకటి. శాస్త్రం ఉందని తెలిస్తే కొంచెం మర్యాదగా కొట్టుకునేవాళ్ళం.

ఉపయోగాల సంగతి నన్ను అడగండి. మా నాన్న తాపీ మేస్త్రీ. పరంజా కట్టాలన్నా, స్లాబు కింద పోట్లు పెట్టాలన్నా సరుగుడు బాదులే. నిటారుగా పెరుగుతుంది, పెద్దగా కొమ్మలు చీలదు, మొదలుకీ చివరకీ లావులో తేడా తక్కువ. అలాంటి కర్ర దొరకడం కష్టం. ఇప్పుడు పెద్ద సైట్లలో ఇనప జాకీలు వచ్చేశాయి గానీ, రెండంతస్తుల ఇంటికి ఇప్పటికీ కర్రే. వినాయక చవితి పందిరి, పెళ్ళి పందిరి, మంత్రి గారి సభకి బారికేడ్లు, పుష్కరాల క్యూలైన్లు, ఏది తీసుకోండి, జనాన్ని ఆపేది సరుగుడు కర్రే.

లోపాలూ చెప్పాలి. పచ్చిగా కోసి ఎండబెడితే పగుళ్ళిస్తుంది, మెలికలు తిరుగుతుంది. ఎండాక మేకు దిగదు, రంపం పళ్ళు అరిగిపోతాయి. అందుకే దాంతో తలుపులు, మంచాలు చెయ్యరు. పొడి నేలలో పాతితే చెదపురుగులకి విందు భోజనం.

---

కోనసీమ కాలువ | శనివారం, రాత్రి 10:31

పొడి నేలలో చెద పడుతుంది, నిజమే. ఎప్పుడూ తడిగా ఉండే బురదలో మాత్రం కథ వేరు. మా వైపు మెత్తటి నేలల్లో పునాదికి ముందు సరుగుడు బాదులు వరసగా దిగ్గొడతారు. నీటి మట్టం కిందే ఉండిపోతే గాలి తగలదు కాబట్టి చాలా ఏళ్ళు ఉంటాయి.

ఇక గోదారి వరదలప్పుడు ఏటిగట్టు ఎక్కడైనా కోసుకుపోతుంటే ముందు పరిగెత్తుకొచ్చేవి రెండే: ఇసుక బస్తాలు, సరుగుడు బాదులు. చిన్నప్పుడు అర్ధరాత్రి మా తాతతో గట్టు మీదకి వెళ్ళాను. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో మోకాలి లోతు బురదలో నిలబడి రెండు వరసలుగా బాదులు దిగ్గొట్టి, మధ్యలో బస్తాలు పడేస్తూ గండి పూడ్చారు. తెల్లవారుజామున టీ తెచ్చినాయన "ఈ కర్ర లేకపోతే మన ఊరు లేదయ్యా" అన్నాడు. అది చార్టులో పట్టదులెండి.

దొండ, బీర పందిళ్ళకీ, తమలపాకు తోటలకీ, అరటి గెలకి ఊతానికీ కూడా ఇదే.

---

దొరువు నీళ్ళు | ఆదివారం, ఉదయం 6:20

అందరూ కర్ర గురించే చెబుతున్నారు, పెంచినవాడి గోడు కూడా వినండి. మాది చీరాల దగ్గర ఇసుక పర్ర. మా నాన్న హయాంలో ఆ ఇసుకలో ఇంకేదీ పండేది కాదు. ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీటిని మా వైపు దొరువు అంటారు. సరుగుడు నాటిన మొదటి వేసవిలో ఆ దొరువుల్లోంచి కడవలతో మోసి మొక్కకింత నీళ్ళు పోసేవాళ్ళం. ఇసుక కాలిపోతుంటే చెప్పులు లేని కాళ్ళతో, రెండు కడవలు, ఒకటి నెత్తిన, ఒకటి చంకన. రెండో ఏడు వేరు కిందికి దిగిపోయాక ఇక దాని బతుకు అది బతికేది.

ఇప్పుడు డ్రిప్పు వేసి, మంచి నేలలో కూడా పెంచుతున్నారు. మీటరుకో మొక్క పెడితే ఎకరానికి నాలుగు వేలు పడతాయి. కాస్త ఎడం పెట్టినవాళ్ళకి కర్ర లావొస్తుంది. మొదటి ఏడు మధ్యలో వేరుశనగో, పుచ్చకాయో వేసుకోవచ్చు. నీళ్ళున్న నేలైతే మూడు నాలుగేళ్ళకి కోత, ఇసుకలో ఇంకా ఆగాలి. జామాయిల్, సుబాబుల్ అయితే కొట్టాక మోడు నుంచి పిలకలొస్తాయి. సరుగుడు ఆ విషయంలో మొండిది, సరిగా చిగురించదు. వేళ్ళు పెరికి మళ్ళీ కొత్తగా నాటాల్సిందే. ఈ ఖర్చు లెక్కలో వేసుకోని కొత్తవాళ్ళు తర్వాత లబోదిబోమంటారు.

నారుమడి సంగతి. విత్తనం ఆవగింజ కంటే తేలిక, రెక్క ఉంటుంది. కేజీకి లక్షల్లో ఉంటాయి. ఇసుక కలిపి చల్లి, పైన పల్చగా గడ్డి కప్పి, రోజ్ క్యాన్‌తో నీళ్ళు చల్లాలి. అసలు శత్రువు చీమలు. రాత్రికి రాత్రి మడి ఖాళీ చేసేస్తాయి. మా అమ్మ మడి చుట్టూ బూడిద గీత గీసి, పొద్దునా సాయంత్రం ముగ్గు చూసుకున్నట్టు చూసుకునేది.

మూడేళ్ళ క్రితం ఒక దళారీ తోట మొత్తం గుత్తగా మాట్లాడుకుని, సగం కొట్టాక "తూకం తగ్గింది, గిరాకీ లేదు" అని ముఖం చాటేశాడు. మిగతా సగం నేనే కూలీలను పెట్టి కొట్టించి, ట్రాక్టరుతో కాటాకి తోలాను. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నా: తూకం చీటీ చేతికొచ్చాకే గొడ్డలి తోటలోకి.

---

చిల్లరకొట్టు | ఆదివారం, ఉదయం 7:02

పేపరు మిల్లుకి వేస్తారా, పొయ్యికి వేస్తారా?

---

దొరువు నీళ్ళు | ఆదివారం, ఉదయం 7:15

లావువి, నిటారువి బాదులుగా పోతాయి. మిగతాది గుజ్జుకి, అంటే కాగితం మిల్లులకి. మన రాజమండ్రి, అటు సారపాక మిల్లులున్నాయి కదా, అందుకే ఈ తోటలు ఇన్ని ఊళ్ళకి పాకాయి. కొసలు, మొద్దులు కట్టెలకి. రాలిన ఆకుని ఆడవాళ్ళు ఊడ్చుకుని పొయ్యికి తీసుకెళతారు. పారేసేది ఏమీ లేదు, మన కష్టం తప్ప.

---

రిటైర్డ్ ఫారెస్టాయన | ఆదివారం, ఉదయం 11:40

కట్టె విషయంలో ఒక్క మాట. పచ్చికర్ర కూడా మండే చెట్లు తక్కువ, వాటిలో ఇది ముందుంటుంది. వేడి ఎక్కువ, నిప్పు చాలాసేపు నిలుస్తుంది, బొగ్గు గట్టిగా వస్తుంది. అసలు ఈ చెట్టు మన దగ్గర తోటగా స్థిరపడిందే మంట కోసం. 1868లో కర్ణాటక తీరంలో కార్వార్ దగ్గర నాటారు. మద్రాసు వైపు కూడా ఆవిరి రైలింజన్ల కట్టె కోసమే పెంచారు. రైళ్ళకి బొగ్గు, తర్వాత డీజిలు, కరెంటు వచ్చాయి గానీ సరుగుడు తీరాన్ని వదల్లేదు. దాని సొంతూరు ఆగ్నేయాసియా, ఉత్తర ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు. టహీటీ వైపు దీన్ని టోవా అంటారు, అదే మాటకి యోధుడు అని కూడా అర్థం. యుద్ధపు గదలు దీంతోనే చేసుకునేవారు. మేకు దిగదని మేస్త్రీ గారబ్బాయి రాసింది చదివాక కారణం అర్థమయ్యే ఉంటుంది.

ఇసుకలో ఎలా బతుకుతుందో కూడా పిల్లకి చెప్పండి. వేరుశనగ పీకితే వేళ్ళకి బుడిపెలు కనిపిస్తాయి కదా, అలాంటివి సరుగుడు వేళ్ళకీ ఉంటాయి. వేరుశనగలో ఉండేది రైజోబియం, ఇందులో ఉండేది ఫ్రాంకియా అనే వేరే సూక్ష్మజీవి. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకి పెడుతుంది. ముదిరిన బుడిపెలు పగడపు గుత్తిలా, ఒక్కోసారి పిడికిలంత ఉంటాయి. మా నర్సరీలో పాత తోట నుంచి ఆ బుడిపెలు తెచ్చి, నూరి, నీళ్ళలో కలిపి కొత్త మడుల మీద పోసేవాళ్ళం. పోసిన మడికీ పోయని మడికీ పచ్చదనంలో తేడా కంటికే తెలిసేది.

ఇప్పుడు రైతులు నాటేది చాలావరకు విత్తనపు మొక్క కాదు. ఇండోనేషియా నుంచి వచ్చిన జుంఘూనియానా అనే అన్నదమ్ముడి జాతితో కలిపిన సంకరాలు ఉన్నాయి. కోయంబత్తూరు అటవీ జన్యు సంస్థ అలాంటి క్లోన్లు విడుదల చేసింది. లేత కొమ్మల ముక్కలకే వేళ్ళు పుట్టించి ఇస్తారు, కాబట్టి తోటంతా ఒకే ఎత్తు, ఒకే లావు. రైతుకి సుఖం. అయితే ఒకదానికి తెగులొస్తే అన్నిటికీ వస్తుంది, అది మరిచిపోకూడదు. బెరడు పొక్కులొచ్చి, పగిలితే లోపల నల్లటి పొడి కనిపించే ఎండు తెగులు ఒకటుంది. అది కనిపించిన చెట్టుని అప్పుడే తీసేయాలి. చేతికి అంటిన నల్లపొడితో పక్క చెట్టుని ముట్టుకోకండి.

---

ఉప్పుగాలి | ఆదివారం, మధ్యాహ్నం 1:25

నేను ఒక చార్టు అడిగితే మీరు పుస్తకం ఇచ్చారు 🙏 అమ్మాయి కీళ్ళు ఊడదీస్తూ కూర్చుంది, అన్నానికి రమ్మంటే రావడం లేదు. ఒక సూదికి 7 పళ్ళు లెక్కేసింది. ఇంకోదానికి 6 అంది, ఒకటి విరిగిందేమోనని మళ్ళీ లెక్కపెడుతోంది.

ఒక డౌటు. తుఫానుల్ని ఆపుతుందని రాయొచ్చా? పాఠంలో అలా ఉందట.

---

సిక్కోలు కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:08

ఆపుతుంది అని మాత్రం రాయొద్దక్కా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడితో పాటు సరుగుడు తోటలకి తోటలే పడుకున్నాయి. వారం ముందు కళ్ళకి నిండుగా కనిపించిన తోట, తెల్లారేసరికి దువ్వెనతో ఒక పక్కకి దువ్వినట్టు అయిపోయింది. మా రోడ్డు మీద పడిన మాన్లు కొట్టుకుంటూ రావడానికే రెండు రోజులు పట్టింది. చెట్టు గాలిని ఆపలేదు, మనల్ని ఆపింది.

---

రిటైర్డ్ ఫారెస్టాయన | ఆదివారం, సాయంత్రం 4:30

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలో నేనూ చూశాను. అయినా రెండు సంగతులు విడదీసి చూడాలి.

రోజువారీ గాలి వేరు, తుఫాను వేరు. ఏడాది పొడుగునా సముద్రపు గాలి ఇసుకని ఎగరేసి పొలాల మీద, బావుల్లో పోస్తుంటుంది. దాన్ని పట్టుకోవడంలో సరుగుడుకి సాటి లేదు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం పొడుగునా సరుగుడు పట్టీలు పెంచడం ఊపందుకుంది. ఆ పట్టీల వెనక ఇసుక కదలడం తగ్గి కొబ్బరి, మామిడి, కూరగాయలు వచ్చిన ఊళ్ళున్నాయి. ఉప్పు తుంపర కూడా సూదులకి తగిలి అక్కడే ఆగుతుంది. ఇది నిజమైన పని.

ఇక తుఫానులో లేత తోట వంగి లేస్తుంది. ముదిరినవి, ఎడంగా ఉన్నవి, వేరు పైపైనే పాకినవి పడతాయి. అన్నీ ఒకే వయసువి పెట్టడం మేం చేసిన తప్పుల్లో ఒకటి, ఒప్పుకుంటాను. 2004 డిసెంబరు సునామీ అప్పుడు తమిళనాడు కడలూరు తీరంలో మడ అడవులు, సరుగుడు తోటలు ఉన్నచోట నష్టం తక్కువని మర్నాటి ఏడాది సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఊరు ఎంత ఎత్తులో ఉంది, సముద్రానికి ఎంత దూరంలో ఉంది అన్నది కూడా చూడాలని వాదించినవాళ్ళూ ఉన్నారు. అందుకని మన పిల్ల "గాలి వేగాన్ని, ఇసుకని తగ్గిస్తుంది" అని రాస్తే సరిపోతుంది. "ఆపుతుంది" అన్న మాట పాఠం రాసినవాళ్ళకే వదిలేద్దాం.

---

తాబేళ్ళ కాపలా | ఆదివారం, రాత్రి 8:15

ఫారెస్టాయన గారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. నేను జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిళ్ళు తీరం వెంట నడిచి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ గూళ్ళు వెతికే బృందంలో ఉన్నాను. తాబేలు అల అంచు దాటి, పొడి ఇసుకలోకి వచ్చి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి గుడ్లు పెడుతుంది. సరుగుడుని సరిగ్గా ఆ జాగాలోకే తెచ్చి నాటిన చోట్లున్నాయి. ఇసుకలో దారాల్లా అల్లుకున్న వేళ్ళు, పైన జానెడు మందం సూదుల పరుపు. ఒక రాత్రి ఒక తల్లి మూడుచోట్ల తవ్వింది, మూడుచోట్లా వేరే తగిలింది. పెట్టకుండానే సముద్రంలోకి వెళ్ళిపోయింది. టార్చి వెలుగులో ఆ మూడు సగం గుంతలు చూస్తూ నిలబడ్డాం. ఏం చేస్తాం.

ఆ పరుపు కింద ఇంకో మొక్క కూడా మొలవదు. సముద్రపు ఇసుకని మొదటి నుంచీ పట్టుకునే తీగలు, గడ్డి మన దగ్గరే ఉన్నాయి. అడంబు తీగని చూడండి, మేక డెక్కలాంటి ఆకు, ఊదా పువ్వు. అది ఇసుకని గట్టిగా పట్టుకుంటుంది, తాబేలుకీ అడ్డం రాదు. అల దగ్గర వీటిని, ఊరి వైపు సరుగుడుని పెట్టుకుంటే గొడవే లేదు.

---

పోర్ట్ లూయీ తెలుగు | ఆదివారం, రాత్రి 9:40

మారిషస్ నుంచి నమస్కారం. మా ముత్తాతలు ఇక్కడికి చెరకు తోటల పనికి వచ్చారు. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. మా బీచ్‌లన్నీ ఈ చెట్లే. ఇక్కడ ఫిలావో అంటాం. ఆదివారం వస్తే కుటుంబాలన్నీ ఫిలావో నీడలోనే చాపలు పరిచి తింటాయి. అది లేని బీచ్ మాకు బీచ్‌లా అనిపించదు. అయినా అలలకి వేళ్ళు బయటపడి చెట్టు పడిపోతే ఇసుక మెట్టులా కోసుకుపోతోందని, దాని బదులు పాత స్థానిక మొక్కలు నాటాలని కొందరు అంటారు. నీడ పోతుందని మిగతావాళ్ళం గొణుగుతాం.

అమెరికా ఫ్లోరిడాలో అయితే దీన్ని నాటడమే నిషేధం. సెనెగల్‌లో మాత్రం సముద్రపు ఇసుక కూరగాయల తోటల మీద పడకుండా ఇదే కాపాడుతోంది. ఒక చెట్టుకి ఇన్ని ముఖాలు!

---

దొరువు నీళ్ళు | ఆదివారం, రాత్రి 10:02

తాబేళ్ళ కాపలా గారూ, మీరు చెప్పింది కాదనను. మా ఊళ్ళో అల దాకా తెచ్చి పెట్టింది రైతులు కాదు, అక్కడ మాకు హక్కే లేదు. ఊరి వైపు పెట్టుకున్నవాడిని కూడా పనిలో పనిగా తిట్టకండి. మీరన్న ఆ అడంబు తీగ మా దగ్గరా ఉంది. మేకలు కూడా తినవు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

---

తాబేళ్ళ కాపలా | ఆదివారం, రాత్రి 10:11

తిట్టలేదన్నా. ఈసారి సీజన్‌లో మీ ఊరు వైపు వస్తే కబురు పెడతాను, ఒక రాత్రి మాతో నడవండి.

---

దొరువు నీళ్ళు | ఆదివారం, రాత్రి 10:13

టీ మాదే.

---

నాడి చూసే డాక్టరు | ఆదివారం, రాత్రి 10:48

వేరే థ్రెడ్‌లో ఎవరో సరుగుడు బెరడు కషాయం విరేచనాలకి మందు అని రాశారు, అక్కడ జవాబు ఇవ్వలేకపోయాను కాబట్టి ఇక్కడ. బెరడులో టానిన్ ఎక్కువ. తోళ్ళు ఊనడానికి, వలలకి రంగు పట్టించడానికి వాడేది అందుకే. వగరు పదార్థం కాబట్టి కడుపు పట్టేసినట్టు అనిపించవచ్చు. పిల్లలకి విరేచనాలైతే కావాల్సింది ఓఆర్‌ఎస్, బెరడు కాదు. దయచేసి ప్రాజెక్టులో "ఔషధ గుణాలు" అని హెడ్డింగు పెట్టేయకండి, ప్రతి చెట్టుకీ పెట్టేస్తున్నారు.

దీని పుప్పొడి గాలిలో ఎగిరేది. కొందరికి తుమ్ములు, ఉబ్బసం రేపుతుంది. పూతకాలంలో తీరం దగ్గర ఇల్లున్న ఉబ్బసం పేషెంట్లు గమనించుకోండి.

---

బెత్లెహేం వీధి | ఆదివారం, రాత్రి 11:05

పైనా కాదా అన్న గొడవకి మా ఇంట్లో ఎప్పుడో పరిష్కారం దొరికింది 🙂 మాది మచిలీపట్నం వైపు. ప్లాస్టిక్ చెట్లు రాకముందు డిసెంబరు 24 పొద్దున్నే మా నాన్న సైకిల్ మీద సరుగుడు కొమ్మ ఒకటి తెచ్చేవారు. పాత నూనె డబ్బాలో ఇసుక పోసి నిలబెట్టి, దూదితో మంచు, రంగు కాగితాల గొలుసులు, పైన వెండి కాగితం నక్షత్రం. మాకు మంచు తెలియదు, పైన్ తెలియదు. క్రిస్మస్ చెట్టంటే సరుగుడే. రెండో రోజుకి సూదులు రాలిపోయి ఇల్లంతా గుచ్చుకునేది, అమ్మ తిడుతూ ఊడ్చేది. ఇప్పుడు కూడా ఆ ఎండిన సూదుల వాసన తగిలితే కేకు గుర్తొస్తుంది.

---

బోటనీ టీచరమ్మ | సోమవారం, ఉదయం 6:45

బెత్లెహేం వీధి గారూ, ఎంత బాగా రాశారు.

ఉప్పుగాలి గారూ, కాయల గురించి చెప్పడం మరిచాను. పచ్చి కాయ మూసుకుని ఉంటుంది. రెండు రోజులు ఎండలో పెడితే ఒక్కో గది, పిచ్చుక పిల్లలు నోళ్ళు తెరిచినట్టు విచ్చుకుంటుంది. ఒక్కో నోట్లో రెక్క ఉన్న గింజ ఒకటి. తెచ్చినవి ఖాళీ నోళ్ళైతే గింజలు ఎప్పుడో ఎగిరిపోయినట్టు. మూసుకున్నవి దొరికితే కాగితం మీద పెట్టి చూపించండి.

---

ఉప్పుగాలి | సోమవారం, రాత్రి 8:30

చార్టు ఇచ్చేశాం. పైన "సరుగుడు (సర్వి)" అని రాసి, కింద "పైన్ కాదు" అని ఎర్ర స్కెచ్‌తో రెండు గీతలు. కీలు బొమ్మ వేసి, ఏడు పళ్ళూ గీసింది. తాబేలు కథ రాస్తానంటే జాగా లేదు, వెనక వైపు రాసింది. అత్తయ్య బంధువులందరికీ ఫోన్లు చేసి గెలుపు ప్రకటించుకుంటున్నారు.

టీచరమ్మ గారూ, నాలుగు కాయల్లో రెండు మూసుకునే ఉన్నాయి. పొద్దున్నుంచీ డాబా మీద ఎండలో పెట్టాం. సాయంత్రం చూస్తే మీరన్నట్టే నోళ్ళు తెరిచాయి. హాల్లో పేపరు మీద దులిపాం, అరచెంచాడు కూడా లేవు, గోధుమరంగు రెక్కలతో. సరిగ్గా అప్పుడే మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి ఉక్కగా ఉందని ఫ్యాన్ వేశారు.

---

చిల్లరకొట్టు | సోమవారం, రాత్రి 8:33

😂😂😂

---

ఉప్పుగాలి | మంగళవారం, ఉదయం 7:10

సోఫా కింద నుంచి పద్దెనిమిది ఏరాం. టీ కప్పు సాసర్‌లో పోసి వంటింటి గట్టు మీద పెట్టి పడుకున్నాం. పొద్దున లేచేసరికి సాసర్ ఖాళీ, గోడ వెంట చీమల బారు, ఒక్కోదాని నోట్లో ఒక్కో రెక్క. దొరువు నీళ్ళు గారూ, బూడిద గీత సంగతి మీరు ముందే చెప్పారు, మేమే వినలేదు.

---

దొరువు నీళ్ళు | మంగళవారం, ఉదయం 7:26

అడ్రసు మెసేజ్ చెయ్యమ్మా. కొరియర్లో ఓ గుప్పెడు పంపుతా. సాసర్‌ని నీళ్ళ పళ్ళెంలో పెట్టు, చీమ దాటదు.